సెకండ్ షోకి ముందు 20 నిమిషాలు!

తెలుగు ప్రేక్షకుడు స్పఘెట్టీని కంచంలో చూడకముందే తెర మీద చూశాడంటే నమ్ముతారా? నమ్మకపోయినా ఫర్వాలేదు, సంగతి వినండి.

1964లో సెర్జియో లియోనె అనే ఇటలీ దర్శకుడు ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ అనే చిత్రం తీశాడు. గుర్రాలు, పిస్తోళ్ళు, దుమ్ము, నోట్లో చుట్టతో క్లింట్ ఈస్ట్‌వుడ్! కథ అమెరికా సరిహద్దుది, షూటింగు చాలావరకు స్పెయిన్‌లో, తీసినవాళ్ళేమో ఇటలీవాళ్ళు. ఇంకేం? ఇటలీవాళ్ళ తిండి పేరు తగిలించి ఆ బాపతు చిత్రాలన్నిటికీ ‘స్పఘెట్టీ వెస్టర్న్’ అని నామకరణం చేసేశారు. ఆ గాలి మన వైపూ వీచింది. 1971లో పద్మాలయా వారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. ఆరుద్ర రచన, కె.యస్.ఆర్.దాస్ దర్శకత్వం, కౌబాయ్ టోపీలో కృష్ణ, సరసన విజయనిర్మల. ఆంధ్రదేశమంతా గుర్రపు డెక్కల చప్పుడే! అలా స్పఘెట్టీ గాలి వచ్చింది గానీ, స్పఘెట్టీ మాత్రం రాలేదు.

మా ఇంటికి వచ్చిన ముహూర్తం నాకు బాగా గుర్తు. 2023 మే 31, రాత్రి 8 గంటల 40 నిమిషాలు. స్థలం బెజవాడ ఆటోనగర్. ఆ రోజు కృష్ణగారి జయంతి. అంతకు ముందు నవంబరు 15నే ఆయన కన్నుమూశారు. అభిమానుల కోసం ‘మోసగాళ్ళకు మోసగాడు’ను కొత్తగా 4కె ప్రింటుతో మళ్ళీ విడుదల చేశారు. మా నాన్న మూడు రోజుల ముందు నుంచే నేల మీద లేడు!

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. 1966లో జవహర్ ఆటోనగర్ వెలిసిన తర్వాత, లారీల పనికి బెజవాడ పేరు మోగిపోతున్న రోజుల్లో ఒక లేతు షెడ్డులో పనికి కుదిరాడు. 1971లో ఆయనకి 14 ఏళ్ళు. చేతులకి గ్రీజు, జేబులో చిల్లర. ఆ చిల్లరతో ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఆరుసార్లు చూశానంటాడు. (అమ్మ లెక్కలో నాలుగే. పెళ్ళి నాటికి నాలుగని చెప్పాడట, తర్వాత రెండు పెరిగాయి.) కృష్ణగారి బుర్రిపాలెం నది దాటితే తెనాలి దగ్గరే కాబట్టి, ఆయన ‘మనూరాయనే’ అని మా నాన్న వాదన. ఈ లెక్కన బెజవాడ చుట్టూ ముప్ఫై మైళ్ళలో పుట్టిన హీరోలంతా మా బంధువులే!

అయిదు టిక్కెట్లు, సెకండ్ షో. నాన్న, నేను, సెలవులకి వచ్చిన చెల్లెలు, దాని కొడుకు... అయిదోది అమ్మకి.

“నేనెక్కడికి రా? రాత్రి వంట ఎవరు చేస్తారు? మీరు వెళ్ళి రండి” అంది అమ్మ.

ఈ మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు విన్నారో గుర్తు చేసుకోండి. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. విశేషమేమిటంటే మా అమ్మకి సినిమాలన్నీ తెలుసు. చూసి కాదు, విని! టీవీ ముందు గదిలో, అమ్మ వెనక వంటింట్లో. ఏ పాట ఎక్కడొస్తుందో, ఏ డైలాగు తర్వాత ఫైటు మొదలవుతుందో పప్పు మెదుపుతూనే చెప్పేస్తుంది. తెర మాత్రం గోడకి అవతల. పుట్టిల్లు కంకిపాడు, కోట శ్రీనివాసరావుగారి ఊరే. ‘అహ నా పెళ్ళంట’లో ఆయన వేలాడే కోడిని చూస్తూ అన్నం తిన్న సీనుకి ఇల్లంతా నవ్వుతుంటే, “ఏమైందర్రా? ఎందుకంత నవ్వు?” అని వంటింట్లోంచి అడిగేది. ఎవరో ఒకళ్ళం చెప్పేవాళ్ళం. చెప్తే నవ్వొచ్చే సీనా అది?

అందుకని ఆ పూట పట్టుపట్టాను. “వంట నాది. నువ్వు చీర మార్చుకో!”

రోహిణీ కార్తె. పగలంతా కాలిన డాబా ఎనిమిదింటికి కూడా సెగలు కక్కుతోంది. అన్నం, పప్పు, కూర, చారు అని కూర్చుంటే గంటన్నర పొయ్యి దగ్గరే. ఆట తొమ్మిదిన్నరకి. ఇటు మేనల్లుడు రెండు రోజులుగా ఫోనులో ఎవరో పాస్తా తింటున్న బొమ్మలు చూస్తూ ఉప్మా తింటున్నాడు, అచ్చం ఆ కోటగారి లాగే! దాంతో ఐడియా తట్టింది. వెల్లుల్లి, వెన్న, స్పఘెట్టీ. స్పఘెట్టీ వెస్టర్న్‌కి స్పఘెట్టీ తిని వెళ్ళడం కంటే మర్యాద ఏముంటుంది చెప్పండి!

నిజం చెప్పాలంటే అంతకు ముందు ఆదివారం ఒకసారి రిహార్సల్ వేశాను. అట్టర్ ఫ్లాప్! తాలింపుకి కాచినట్టు వెన్నని భగభగ కాచి వెల్లుల్లి పడేశాను. అరనిమిషంలో నల్లగా మాడి చేదు విషం. వెన్నలో నెయ్యి ఒక్కటే ఉండదు, నీరు, పాల పదార్థం కూడా ఉంటాయి. మంట ఎక్కువైతే ముందు మాడేది ఆ పాల పదార్థమే. వెల్లుల్లి సంగతీ అంతే. నలిపినప్పుడు దాని ఘాటు పుడుతుంది, సన్న సెగ మీద ఆ ఘాటు కమ్మదనమవుతుంది, ఎర్రబడి దాటిందా ఇక మందే. మన తాలింపు అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇక అసలు షో. అయిదుగురికి 400 గ్రాముల స్పఘెట్టీ. పెద్ద గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్ళు తెర్లించి, రెండు పెద్ద చెంచాల ఉప్పు వేశాను. గిన్నె చిన్నదైతే అంటుకుపోతాయి, విరగ్గొట్టొద్దు, నిలబెడితే వాటంతటవే మెత్తబడి వంగుతాయి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఒకటి తీసి కొరికితే లోపల సన్నటి పలుకు తగలాలి, అదీ గుర్తు.

నీళ్ళు కాగుతుండగానే ఇరవై వెల్లుల్లి రెబ్బలు ఒలిచి సన్నగా తరిగేశాను. ఒలిచింది మేనల్లుడు, నేను తరిగాను. క్రెడిట్ టైటిల్స్‌లో వాడి పేరు ముందు వేయాలని షరతు. పక్క పొయ్యి మీద చల్లటి బాణలిలోనే 75 గ్రాముల వెన్న, రెండు చెంచాల నూనె, వెల్లుల్లి మూడూ వేసి, అప్పుడు సన్న సెగ ముట్టించాను. నాలుగైదు నిమిషాలకి ఇల్లంతా ఘుమఘుమ! వెల్లుల్లి లేత గోధుమ రంగు తిరగ్గానే సెగ ఆపి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప, మిరియాల పొడి. ఇటలీవాళ్ళు నేపుల్స్‌లో ఇదే బాణీలో ఆలివ్ నూనెతో చేసి ‘ఆలియో ఎ ఓలియో’ అంటారు. వెల్లుల్లి, నూనె అని అర్థం, అంతే. పేరు వింటే పెద్ద హీరో అనుకుంటాం, విడమరిస్తే మన పక్కింటి కుర్రాడే.

పాస్తా ఉడికింది. గిన్నె ఎత్తి నీళ్ళు తూములోకి వంపబోతున్నాను.

“ఆగరా!” అని గుమ్మంలోంచి కేక. చూస్తే అమ్మ! చీర మార్చుకుని, తల దువ్వుకుంటూ వచ్చి నిలబడింది. “ఆ గంజి పారబోస్తావేం? చూడు, తెల్లగా ఎంత చిక్కగా ఉందో. ఒక గ్లాసుడు తీసిపెట్టు. ఆ వెన్న పొడి పొడిగా అతుక్కోదు, గంజి పోస్తే పట్టుకుంటుంది.”

పాస్తా మొహం అంతవరకూ చూసి ఎరగని మనిషి! అక్షరాలా నిజం చెప్పింది. రవ్వలాంటి గట్టి గోధుమతో చేసిన ఈ పుల్లలు ఉడికేటప్పుడు పిండి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు వెన్నతో కలిసి చిక్కటి పులుసులా పుల్లలకి పట్టుకుంటాయి. ఆదివారం నా పాస్తాలో వెన్న ఒకవైపు, పుల్లలు ఒకవైపు ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. పుస్తకంలో ఆ మాట ఉందేమోగాని నేను దాటేసి చదివాను.

పాస్తాని బాణలిలోకి దించి, ముప్పావు గ్లాసు గంజి పోసి, ఒక్క నిమిషం గిరగిరా తిప్పేసరికి నిగనిగలాడింది! పైన కొత్తిమీర, సగం నిమ్మచెక్క. చీజ్ లేదు. లేదని ఎవరూ అడగలేదు. ఉప్పున్న వెన్న వాడితే మాత్రం రుచి చూసి మళ్ళీ ఉప్పెయ్యండి. గడియారం చూశాను. నీళ్ళు కాగాక సరిగ్గా 20 నిమిషాలు.

నాన్న కిరసనాయిలుతో, ఆ పైన సబ్బుతో చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. కంచం వంక అనుమానంగా చూసి, “సేమ్యాలో పెద్దన్నా ఇది?” అన్నాడు. తప్పేం లేదు. మన సేమ్యా, వాళ్ళ వెర్మిసెల్లి ఒక్కటే. (వెర్మిసెల్లి అంటే ‘చిన్న పురుగులు’ అని అర్థం. అది నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.) ఫోర్కు పక్కన పెట్టేసి చేత్తోనే మొదలెట్టాడు. ‘సిటీ లైట్స్’లో చాప్లిన్ స్పఘెట్టీ తింటూ తింటూ పైనుంచి వేలాడే రంగు కాగితాన్ని కూడా నోట్లోకి లాగేసుకుంటాడే, సరిగ్గా ఆ పద్ధతి! మేనల్లుడు పడీ పడీ నవ్వాడు. ఆ సీనుకి అమ్మ మా మధ్యనే కూర్చుని ఉంది. ఏమైందర్రా అని అడగనక్కర్లేకపోయింది.

తొమ్మిదింటికి ఆటో ఎక్కి, బందరు రోడ్డు మీదుగా హాలుకి. ఈలలు, కాగితాలు, జోహార్లు! నాన్న ప్రతి సీనుకీ అర నిమిషం ముందే కథ చెప్పేస్తుంటే ముందు వరసవాళ్ళు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నాగభూషణంగారు తెర మీదికొచ్చి నోరు విప్పగానే మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఈ గొంతు ఈయనదా! ఇన్నాళ్ళూ నేను ఇంకెవరినో అనుకున్నాను రా!”

ఇంటర్వెల్‌లో ఏమైనా తెమ్మంటావా అంటే వద్దంది. లేస్తే సీటు పోతుందేమోనని భయం! నంబర్లు వేసిన సీటమ్మా అంటే కూడా కదల్లేదు.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట దగ్గర. చెప్పులు విప్పీ విప్పకుండానే నాన్న వంటింట్లోకి దారితీశాడు. మూత తీసిన చప్పుడు. మధ్యాహ్నం మిగిలిన అన్నంలో అమ్మ సాయంత్రమే పాలు పోసి, తోడు పెట్టి ఉంచిందట!

“నాకు తెలుసుగా ఈయన సంగతి” అంది అమ్మ, ముందుగదిలో కుర్చీలోంచి లేవకుండానే. “మీరే పెట్టుకు తినండి. అది సరే గానీ, ఒరేయ్, ఆ క్లైమాక్స్‌లో గుర్రం దిగి వచ్చాడే, అది మళ్ళీ చెప్పు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే పోయింది.”