ఊరికి పెద్ద ఎవరు?

మొన్న వేసవిలో గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ఒక యింట అన్నదమ్ములిద్దరు గట్టు తగాదాతో మాటలు మానుకొని యుండుట చూచాము. మూరెడు గట్టు కోసము రెండేండ్లుగా కోర్టు చుట్టూ తిరుగుచున్నారు. వారి తల్లి కండ్లు తుడుచుకొనుచు, "అయ్యగారూ, వెనకటి మునసబుగారుంటే ఈ తగువు ఒక్క పూటలో తెగేది" అన్నది. పక్కనున్న ముసలాయన వెంటనే, "తెగేది వదినా, కాదనను. కాని ఆయన అరుగెక్కి ఎన్నడైనా చెప్పుకొన్నామా? వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డాము గదా" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే.

కోస్తా, రాయలసీమ గ్రామములలో మునసబు శిస్తు వసూలు చేసేవాడు, నేరము జరిగితే పోలీసులకు తెలిపేవాడు, చిన్న తగవులు తీర్చేవాడు. లెక్కలు కరణము వ్రాసేవాడు. తెలంగాణలో ఈ పనులను మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ చూచేవారు. వారికి ప్రతి పొలము గట్టూ, ప్రతి యింటి సంగతీ తెలుసు. అదే వారి బలము. అయితే ఆ పదవి తండ్రి నుండి కొడుకునకు వచ్చేది. మంచివాడైతే ఊరు బ్రతికేది, కానివాడైతే అడిగే దిక్కు లేదు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వము ఈ వంశపారంపర్య పదవులను రద్దు చేసినది. అప్పటికి మేము పసిబిడ్డలము.

ఆదిలాబాదు అడవులలో గోండులు తమ ఊరిపెద్దను 'పట్ల' అంటారు. అక్కడ పట్ల ఒక్కడే తీర్పు చెప్పడు. ఊరి పంచాయితీలో పెద్దలు కూర్చొని ఇరుపక్షాలనూ వింటారు. 1996లో వచ్చిన పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో తగవులు తీర్చుకొనే ఆచారమును కాపాడుకొనే అధికారము గ్రామసభకు ఇచ్చినది. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ వలన స్త్రీలు, దళితులు, గిరిజనులు కూడ సర్పంచి కుర్చీలో కూర్చొనుచున్నారు. వాకిట నిలబడినవారి బిడ్డలు నేడు అరుగెక్కినారు.

కాని కుర్చీ వేరు, పెద్దరికము వేరు. ఇరువైపులా వినేవాడు, ఎవరి చేతి కాఫీ తాగకుండానే మాట చెప్పేవాడు, ఆడవారిని కూడ అడిగేవాడు పెద్ద. జరిమానాలు వేసి, కుటుంబములను వెలివేసేవాడు పెద్ద కాడు. ఆడకూతుర్ని కొట్టినా, పసిబిడ్డకు హాని చేసినా అది రచ్చబండ మీద సర్దుకొనే సంగతి కాదు, పోలీసులకు చెప్పవలసినదే.

ఆ ముసలాయననే పొలమునకు రమ్మని మేము బతిమాలినాము. "నాకేం తెలుసయ్యా" అంటూనే వచ్చినాడు. గట్టు పొడవునా నడిచి, అన్నను విన్నాడు, తమ్ముని విన్నాడు, చివరకు ఆ తల్లిని అడిగినాడు. ఆ రెండేండ్లలో ఆమెను అడిగినవారు ఒక్కరూ లేరు.

కేసు ఇంకా తీయలేదు. అయితే పోయిన నెల అన్న కూతురి పెండ్లి మాటలకు తమ్ముడు వచ్చి చాపమీద కూర్చున్నాడు. మీ ఊరిలో అటువంటి ముసలాయన ఎవరో ఒకసారి చూచుకొనండి. ఆయనను ఎవరూ పిలిచి యుండరు.