చుక్క నీరు లేని సరస్సు!

అలల్లేవు. చేపల్లేవు. అసలు చుక్క నీరే లేదు. అయినా చూసినవాళ్లు ఓసారి వేలు పెట్టి చూస్తారు... తడి తగులుతుందేమోనని!

బొమ్మ సైనికులతో బల్లమీద యుద్ధాలు ఆడేవారు ఇంట్లోనే తయారుచేసుకునే సరస్సు ఇది. బల్లమీద యుద్ధమేంటి అంటారా? ఇంగ్లండ్, అమెరికాల్లో పెద్దవాళ్లు సైతం సరదాపడే ఆట... పేరు 'వార్‌గేమింగ్'. అంగుళం ఎత్తు సైనికులు, పాచికలు, ఎంత దూరం నడిచారో కొలవడానికి ఓ టేపు... ఇదే సరంజామా. 1812లో రైస్‌విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుకు ఇలాంటి ఆటబల్ల ఒకటి చేసిచ్చాడు. నదులు, దారులు ఉన్న పలకల్ని దానిమీద ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. సైన్స్ కథల రచయిత హెచ్.జి.వెల్స్ అయితే 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో ఈ ఆటకు ఏకంగా నియమాల పుస్తకమే రాశాడు.

మరి సరస్సు ఎందుకు? గుట్ట చూపుకి అడ్డొస్తుంది. సరస్సు అడ్డురాదు. దాన్ని సైనికుడు దాటలేడు, బాణం దాటిపోతుంది. అదే దాని గొప్ప. క్రీ.పూ. 217లో ఇటలీలోని ట్రాసిమెనో సరస్సు ఒడ్డున రోమన్ సేన పొగమంచులో ఇరుకు దారిన సాగుతోంది. పక్కనున్న కొండల్లో హానిబల్ సేన మాటువేసింది. ఒక్కసారిగా మీదపడింది. ఓ పక్క శత్రువు, మరో పక్క నీళ్లు! కవచాలతోనే మెడలోతు నీళ్లలోకి దిగినవారూ ఉన్నారు. సేనాని ఫ్లమినియస్‌తో పాటు దాదాపు 15 వేలమంది చనిపోయారని ప్రాచీన చరిత్రకారులు రాశారు. ఆ యుద్ధాన్ని సరస్సు లేకుండా ఆడటం ఎలా?

దసరా బొమ్మల కొలువులో అద్దం ముక్క చుట్టూ ఇసుక పోసి చెరువు చేస్తాం చూడండి, ఇదీ ఆ బాపతే. కాకపోతే ఓ చిక్కుంది. సరస్సంటే గొయ్యి. బల్లకు గొయ్యి తవ్వలేం కదా! అందుకే తిరగేసి ఆలోచిస్తారు. నీళ్లను బల్లమట్టానే ఉంచి చుట్టూ గట్టు లేపుతారు. హార్డ్‌బోర్డును వంకరటింకరగా కోయాలి, గుండ్రంగా కోస్తే పళ్లెంలా ఉంటుంది. అంచు వెంట సెంటీమీటరు మందం థర్మాకోల్ ముక్కలు ఫెవికాల్‌తో అతికించి, బ్లేడుతో బయటివైపు ఏటవాలుగా చెక్కాలి. నిట్టనిలువుగా ఉంటే సైనికులు నిలబడరు. దానిమీద మళ్లీ జిగురు రాసి, జల్లించిన ఇసుక చల్లాలి.

లోతంతా రంగులోనే ఉంది. పిల్లలైతే వెంటనే నీలం డబ్బా తీస్తారు. నిజానికి ఆ నీలం చాలావరకు ఆకాశానిది. మధ్యలో నలుపు కలిసిన ముదురాకుపచ్చ, ఒడ్డుకు వచ్చేకొద్దీ లేతగా, చివరికి బురదరంగు... తడి ఆరకముందే ఒకదాన్లో ఒకటి కలిపేయాలి. ట్రాసిమెనో లోతు ఎక్కడా ఏడు మీటర్లు దాటదు కాబట్టి దానికి మట్టిరంగే నప్పుతుంది. అన్నట్టు, స్ప్రే రంగు మాత్రం వద్దు. అందులోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. నా మొదటి సరస్సుకు సగం గట్టు అలాగే పోయింది!

ఇక 'నీళ్లు'. మెరుపు వార్నిష్ నాలుగైదు పూతలు వేస్తే చాలు, ఒకటి పూర్తిగా ఆరాకే మరొకటి. ఇంకా నిజంగా కనిపించాలంటే ఎపాక్సీ రెజిన్. రెండు సీసాల్లోవీ చెప్పిన పాళ్లలోనే కలపాలి, లేకపోతే బంకబంకగా మిగిలిపోతుంది. చేతులకు తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. ఒక్కోసారికి రెండు మూడు మిల్లీమీటర్లే పోయాలి. ఎక్కువ పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కి పగుళ్లిస్తుంది. గట్టులో చిన్న సందున్నా సరే, తెల్లారేసరికి సరస్సు నేలమీద ఉంటుంది.

ఆరేలోపు దుమ్ము పడకుండా అట్టపెట్టె బోర్లించాలి. పిల్లి తిరిగే ఇల్లయితే దానిమీద ఓ లావుపాటి పుస్తకం కూడా పెట్టండి.