మొయినాబాద్‌లో స్థలం కొంటున్నారా?

చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్ళొస్తూ ప్లాట్ల బోర్డులు చూసి మనసు పడ్డారా? గాలి మంచిదే, చెట్ల నీడా హాయే! కానీ గాజులు అమ్మి అడ్వాన్సు ఇచ్చేముందు కాస్త ఆగండి.

మొయినాబాద్, చేవెళ్ల వైపు పలు గ్రామాల వాన నీరు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చేరుతుంది. వాటి రక్షణకే 1996లో 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. నీళ్ళు పాడవకూడదన్న షరతుతో 2022లో 69 జీవో వాటిని సడలించింది. అందుకే ఏజెంటు మాట నమ్మేసి ఊరుకోకండి. ఆ సర్వే నంబరులో ఇల్లు కట్టుకోనిస్తారో లేదో హెచ్‌ఎండీఏలో కనుక్కోండి. ఈసీ తీయించండి.

ఎండాకాలంలో ఓసారి వెళ్ళి అక్కడి ఇల్లాలిని అడగండి: "బోరులో నీళ్ళున్నాయా అక్కా? పిల్లల బడికి బస్సుందా?" కాగితాల్లో కనబడని సంగతులు ఆమే చెబుతుంది.