ఆ డబ్బాలో ఎవరి హక్కు ఉంది?

టీవీ వెనుక అమర్చే అరచేయి వెడల్పు నల్లడబ్బా ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. కొందరు దాన్ని ఆండ్రాయిడ్ బాక్స్ అంటారు, కొందరు స్టిక్ అంటారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే భాయీజానో, బావగారో సూట్‌కేసులో పెట్టి తెచ్చినవీ ఉంటాయి. "ఒక్కసారి డబ్బు కడితే చాలు, అన్ని చానళ్లూ, అన్ని సినిమాలూ, అన్ని మ్యాచ్‌లూ వచ్చేస్తాయి" అని అమ్మేవారు చెబుతారు. కొనేవారికి అది మంచి బేరంగానే తోస్తుంది. వడ్డీ డబ్బు ముట్టని ఇంట్లో, మాంసం హలాల్‌దేనా అని రెండుసార్లు అడిగి కొనే ఇంట్లో కూడా ఈ డబ్బా దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న ఎవరి నోటా రావడం లేదు. ఇందులో వచ్చేది హలాలేనా? ఎవరి హక్కునైనా మనం కాజేస్తున్నామా?

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. డబ్బా పాపం కాదు. టీవీని ఇంటర్నెట్‌కు కలిపే చిన్న కంప్యూటర్ అది. చందా కట్టి చూసే కార్యక్రమాలూ, ఉచితంగా లభించే ఖుర్ఆన్ పారాయణాలూ, పిల్లల పాఠాలూ అందులోనే వస్తాయి. చిక్కంతా అమ్మేవాడు అందులో ముందే నింపి ఇచ్చే యాప్‌లతో వస్తోంది. అవి మన టీవీని దొంగ సర్వర్లకు కలుపుతాయి. ఎక్కడో ఒకడు చందా చానల్‌ను పట్టుకొని, హక్కుదారుల అనుమతి లేకుండా వేల ఇళ్లకు మళ్లిస్తాడు. మనం కట్టిన పైకం వాడికీ, మధ్య దళారీకీ చేరుతుంది. ఆ కార్యక్రమం కోసం చెమటోడ్చినవారికి ఒక్క పైసా అందదు. ఇలా ముందే నింపిన డబ్బాలను అమ్మడం కాపీహక్కుల ఉల్లంఘనేనని ఐరోపా సమాజ న్యాయస్థానం 2017 ఏప్రిల్ 26న తీర్పు చెప్పింది. దొంగ ప్రసారమని తెలిసి చూడటాన్ని కూడా ఆ న్యాయస్థానం సమర్థించలేదు.

దోహా నేర్పిన పాఠం

ఈ వ్యవహారం ఎంత దూరం పోగలదో ముస్లిం ప్రపంచమే కళ్లారా చూసింది. 2017 జూన్‌లో సౌదీ అరేబియా, ఐక్య అరబ్ ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతర్ రాజధాని దోహా కేంద్రంగా పనిచేసే బీఇన్ క్రీడా చానళ్లకు సౌదీలో తలుపులు మూసుకుపోయాయి. ఆ ఏడాది ఆగస్టు నాటికి బీఅవుట్‌క్యూ అనే పేరుతో కొత్త ప్రసారం మొదలైంది. బీఇన్ చూపే మ్యాచ్‌లనే తీసుకొని, దాని ముద్ర మీద తన ముద్ర వేసి, కొద్ది సెకన్ల ఆలస్యంతో ప్రసారం చేయడమే దాని పని. ఇందుకు ప్రత్యేకంగా డబ్బాలు బజారులోకి వచ్చాయి. 2018లో రష్యాలో జరిగిన ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు కూడా అలాగే ఇళ్లకు చేరాయి. ఆ పోటీల ప్రసారం కోసం బీఇన్ హక్కులు కొనుక్కున్నది.

2019 జూన్‌లో బీఇన్ సంస్థ సుమారు 300 మంది ఉద్యోగులను ఇంటికి పంపింది. ఈ దొంగ ప్రసారమే అందుకు కారణమని చెప్పింది. బీఅవుట్‌క్యూతో తనకు సంబంధం లేదని సౌదీ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. కానీ దాన్ని నడిపినవారిపై సౌదీ నేర విచారణ చేపట్టకపోవడం మేధోసంపత్తి ఒప్పందానికి విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ నియమించిన బృందం 2020 జూన్ 16న తేల్చింది. 2021 జనవరిలో అల్ ఉలాలో దేశాలు మళ్లీ చేతులు కలిపాయి. పాలకులు రాజీపడ్డారు. మరి ఆ మధ్యకాలంలో ఉద్యోగం పోగొట్టుకున్నవారి సంగతేమిటి?

ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో హెచ్చరిస్తుంది. ఖతర్ మీద కోపం ఉన్నవారికి దాని చానల్‌ను దోచడం తప్పుగా తోచలేదు. పెద్ద కంపెనీల మీద కోపం ఉన్న మనకూ తప్పుగా తోచడం లేదు. కారణం వేరైనా జబ్బు ఒక్కటే.

ఉలమాల మధ్య చర్చ

రచన మీద, ముద్రణ మీద హక్కు అనేది పూర్వపు ఫిఖ్‌హ్ గ్రంథాలలో ప్రత్యేకంగా కనిపించదు. చేతితో రాసుకునే రోజుల్లో దాని అవసరమూ రాలేదు. అందుకే ఈ విషయంలో పెద్దల అభిప్రాయాలు ఒకప్పుడు వేర్వేరుగా ఉండేవి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ తన పుస్తకాలను ఎవరైనా ముద్రించుకోవచ్చని వదిలివేశారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ ముద్రణ హక్కును తన చేతిలో ఉంచుకొని అమ్మడాన్ని అంగీకరించలేదు. విద్యను దాచిపెట్టరాదన్నది ఆ పెద్దల ఆందోళన. అది తేలిగ్గా తీసివేయదగింది కాదు. అయితే ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ ఇదే విషయాన్ని పరిశీలించి, వ్యాపార లోకంలో విలువ ఏర్పడిన ఇలాంటి హక్కులు షరీఅత్ దృష్టిలోనూ హక్కులేనన్న అభిప్రాయానికి వచ్చారు.

1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ స్పష్టమైన తీర్మానం చేసింది. వ్యాపార నామం, రచన, ఆవిష్కరణ వాటి యజమానుల హక్కులని, నేటి వాడుకలో వాటికి ధన విలువ ఏర్పడిందని, వాటిపై దాడి చేయడం ధర్మసమ్మతం కాదని ఆ తీర్మానం సారాంశం. థానవీ గారి ఉదాహరణ కూడా నిజానికి దీనికి విరుద్ధం కాదు. ఆయన తన హక్కును తానే వదులుకున్నారు. మరొకరి హక్కును మనం వారి తరఫున వదిలివేయలేము.

మనం చెప్పుకునే సాకులు

"ఎవరి వస్తువూ పోలేదు కదా, చూసినంత మాత్రాన ఏం తరిగింది?" అనేవారు ఉన్నారు. టిక్కెట్టు లేకుండా ఆర్టీసీ బస్సు ఎక్కినవాడూ అదే అనవచ్చు. బస్సు ఎలాగూ పోయేదే, సీటు ఎలాగూ ఖాళీయే. అయినా దాన్ని మనలో ఎవరూ హలాల్ ప్రయాణం అనరు. షరీఅత్‌లో శిక్ష పడే దొంగతనానికి షరతులు వేరు కావచ్చు. శిక్ష పడనంత మాత్రాన పని ధర్మమైపోదు. మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒకరి సొమ్ము మరొకరికి ధర్మసమ్మతం కాదన్నది దైవప్రవక్త (స) బోధన.

"వాళ్లు కోటీశ్వరులు, మా వంద రూపాయలు వాళ్లకు లెక్కా?" అనేది మరో సాకు. ధనికుడైనా, పేదవాడైనా న్యాయం వైపే నిలబడమని నిసా సూరా ఆదేశిస్తుంది. పైగా సినిమా అంటే హీరో, నిర్మాత మాత్రమే కాదు. లైట్లు మోసేవాడు, డబ్బింగ్ చెప్పే అమ్మాయి, ఎడిటింగ్ గదిలో రాత్రంతా కూర్చునే కుర్రవాడు కూడా ఉన్నారు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగం సినిమా ఇంటర్నెట్‌లోకి పోయింది. అటువంటి దెబ్బ తగిలితే పెద్ద నిర్మాత తట్టుకోవచ్చు. చిన్న నిర్మాత మళ్లీ లేవడు, అతణ్ణి నమ్ముకున్న కార్మికుడికి కూలి రాదు.

"సినిమాయే మంచిది కాదంటారు, ఇక దాని హక్కేమిటి?" అని అడిగేవారికి ఒకే జవాబు. మంచిది కాదనుకుంటే చూడకపోవడమే తఖ్వా. ఉచితంగా చూడటం తఖ్వా కాదు. ఇదే డబ్బాలో క్రికెట్ వస్తుంది, పిల్లల కార్యక్రమాలు వస్తాయి. ఇదే అలవాటు ధార్మిక పుస్తకాల దాకా పాకింది. తెలుగులో ఇస్లామీ పుస్తకాలు వేసే చిన్న ప్రచురణకర్త పుస్తకాన్ని ఎవరో పేజీ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. పంపేవారు సవాబ్ అనుకుంటారు. పుస్తకం అమ్ముడుపోక రెండో ముద్రణ ఆగిపోతే ఆ నష్టం మన పిల్లలదే.

ఇంట్లోకి వచ్చే ముప్పు

దొంగ సరుకు ఒంటరిగా రాదు. చైనాలో తయారై పేరూ ఊరూ లేకుండా అమ్ముడయ్యే కొన్ని ఆండ్రాయిడ్ డబ్బాలలో కొనకముందే హానికర ప్రోగ్రాములు ఉంటున్నాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. అటువంటి డబ్బా ఇంటి ఇంటర్నెట్‌ను మనకు తెలియకుండానే నేరగాళ్లకు దారిగా మారుస్తుంది. బ్యాంకు వ్యవహారాలు చేసే ఫోన్ కూడా అదే వైఫైలో ఉంటుందని మరువరాదు.

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడిగా పేర్కొంటూ ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం జరిగిందని పోలీసులు ఆరోపించారు. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఉచిత సినిమా పక్కనే జూదం ప్రకటన మెరవడం ఇలాంటి సైట్లు తెరిచినవారందరికీ తెలిసిందే. ఖుర్ఆన్ నిషేధించిన మైసిర్‌ను మన పిల్లల కళ్ల ముందుకు మన చేతులతోనే తెచ్చిపెడుతున్నామన్నమాట.

చట్టం కూడా బిగిసింది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమాను అక్రమంగా రికార్డు చేసేవారికీ, ప్రసారం చేసేవారికీ 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

న్యాయానికి మరో వైపు

ఇంత చెప్పి కంపెనీల వైపు తప్పు లేదనడం న్యాయం కాదు. ఒక టోర్నమెంటు ఒక చోట, ఒక సీరియల్ మరో చోట పెట్టి ప్రతిదానికీ వేరే చందా అడిగితే నెల జీతం మీద బతికే కుటుంబం ఏం చేయగలదు? ధర సామాన్యుడికి అందేలా ఉండాలని అడగడం మన హక్కు. అడిగితే ఫలితం ఉంటుందనడానికి మన దేశంలోనే దాఖలాలు ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాలను ఫొటోకాపీ తీసి విద్యార్థులకు ఇవ్వడంపై పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు 2016లో కొట్టివేసింది. బోధన కోసం చట్టమే మినహాయింపు ఇచ్చిందని చెప్పింది. అంధులకు పుస్తకాలు అందేందుకు కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడా ప్రసారాలను ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. తలుపు తట్టి తెరిపించుకోవడం ఇలా ఉంటుంది. గోడ దూకడం వేరు.

తౌబా ఎలా?

అల్లాహ్ పట్ల చేసిన తప్పును కన్నీటితో వేడుకుంటే ఆయన క్షమిస్తాడు. దాసుల హక్కు, అంటే హుఖూఖుల్ ఇబాద్ సంగతి అలా కాదు. ఆ హక్కు తిరిగి చెల్లించాలి, లేదా హక్కుదారుడే మాఫ్ చేయాలి. నమాజులూ, రోజాలూ, జకాతూ మోసుకొని తీర్పుదినాన వచ్చి, ఇతరుల సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి ఇచ్చివేసి ఖాళీ చేతులతో మిగిలేవాడే అసలైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) సహచరులకు వివరించారు. పక్కింటివారి పది రూపాయలు తిన్నవాడికి తలుపు తట్టి క్షమాపణ అడిగే అవకాశం ఉంది. ఒక సినిమాలో, ఒక మ్యాచ్ ప్రసారంలో వందలమంది శ్రమ ఉంటుంది. వారి పేర్లు మనకు తెలియవు, ఊర్లు తెలియవు. ఎవరి తలుపు తడతాం? ఈ పాపం చిన్నదిగా కనిపిస్తూనే ఇంత బరువైంది కావడానికి కారణం ఇదే.

కనుక చేయగలిగింది ఈ రోజే చేయాలి. డబ్బాలోని దొంగ యాప్‌లను తీసివేయాలి. డబ్బే నమ్మదగింది కాకపోతే దాన్నే తీసివేయాలి. స్తోమతను బట్టి ఒక్క చందా పెట్టుకోవాలి, లేదా దూరదర్శన్ ఉచిత ప్రసారాలతో సరిపెట్టుకోవాలి. నచ్చిన పుస్తకాన్ని కొనాలి. గడచిన దాని విషయంలో ఎంత చెల్లించాలో, హక్కుదారులు దొరకనప్పుడు వారి పేరున ఎలా సదఖా చేయాలో దగ్గరలోని ఆలిమ్‌ను అడగాలి. పిల్లలకు ఇది ఎందుకు తీసివేస్తున్నామో కూడా చెప్పాలి. హలాల్ అంటే కంచంలోది మాత్రమే కాదని వారు తెలుసుకోవలసింది మన ఇంట్లోనే.