కార్డు అప్పు ఇంకో కార్డుకు మారిస్తే మిగిలేదెంత?

ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ‘ఎలా తీరుస్తారో పాపం’ అంటాం. జేబులోని క్రెడిట్ కార్డు వడ్డీ అంతకంటే ఎక్కువే. చాలా కార్డులపై అది నెలకు నూటికి మూడున్నర రూపాయలు, ఒక్కోచోట ఇంకా పైన. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మామూలు అప్పుల వడ్డీకి లేని ఈ పన్ను కార్డు వడ్డీకి ఉంది. అన్నీ కలిపితే నెలకు నూటికి 4 రూపాయల 13 పైసలు, ఏడాదికి దాదాపు 50 శాతం. వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాబట్టి ఆ అడ్డుకట్టా లేదు.

కార్డు మీద లక్ష రూపాయల బకాయి ఉందనుకోండి. బిల్లులో కనిపించే కనీస మొత్తం రూ.5,000 కట్టారు. అందులో రూ.4,130 వడ్డీకీ పన్నుకూ పోతుంది. అసలు తగ్గేది రూ.870. కనీస మొత్తం కట్టినా అప్పు పెరిగే పరిస్థితి ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. పెరగదు, నిజమే. తరిగేది మాత్రం ఇంతే.

ఇలాంటప్పుడే ‘బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకోండి’ అంటూ మరో బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. మీ పాత బకాయిని ఆ బ్యాంకు కట్టేసి, తక్కువ వడ్డీతో తన కార్డు మీద వాయిదాలు వేస్తుంది. ఉదాహరణకు నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, ఆరు వాయిదాలు, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు అనుకుందాం. జీఎస్టీతో వడ్డీ 1.77 శాతం, ఫీజు రూ.2,360.

పాత కార్డు మీదే ఆరు సమాన వాయిదాల్లో తీరిస్తే నెలకు రూ.19,157 కట్టాలి. వడ్డీ, పన్ను కింద పోయేది సుమారు రూ.14,940. కొత్త కార్డు మీద వాయిదా రూ.17,714. వడ్డీకి రూ.6,286, ఫీజు కలిపితే రూ.8,646. అంటే మిగిలేది దాదాపు రూ.6,300. చిన్న మొత్తమేం కాదు.

ఒక్క విషయం గమనించండి. మొదటి నెల రెండు కార్డుల వడ్డీల తేడా (4,130లోంచి 1,770 తీస్తే) రూ.2,360. ఫీజూ సరిగ్గా అంతే! వచ్చే నెల బోనస్‌తోనో చిట్టీ డబ్బుతోనో మొత్తం తీర్చేయగలిగితే మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. లాభం మొదలయ్యేది రెండో నెల నుంచే.

‘సున్నా వడ్డీ, మూడు నెలలు’ అన్న ఆఫర్ చూడగానే ఆశ పుడుతుంది. లక్షను మూడు నెలల్లో తీర్చాలంటే నెలకు రూ.33,333 కావాలి. నెలకు పది వేలే కట్టగలిగితే గడువు ముగిసేసరికి రూ.70,000 మిగిలిపోతుంది. పాత రేటే మళ్లీ పడితే దాని మీద నెలకు రూ.2,891. నెలనెలా కట్టగలిగేదెంతో ముందే కాగితం మీద రాసుకోనివాళ్లకు ఈ ఆఫర్ పనికిరాదని నా అభిప్రాయం.

ఇక అసలు దెబ్బ పాత కార్డు దగ్గర తగులుతుంది. బకాయి తీరి లిమిట్ ఖాళీ అయ్యేసరికి పండగ షాపింగ్‌కు దాన్నే గీకేస్తారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒక అప్పు రెండవుతుంది. కొత్త కార్డును కూడా బీరువాలో పెట్టేయడమే మేలు. బకాయి ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు దొరక్కపోవచ్చు.

సంతకానికి ముందు బ్యాంకును ఒకటి అడగాలి: వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గుతున్న అసలు మీదా? నెలకు ఒక శాతం ఫ్లాట్ అంటే 12 నెలల వాయిదాల్లో నిజంగా పడేది ఏడాదికి 12 శాతం కాదు, సుమారు 21.5.

ఇంట్లో బంగారం ఉంటే ఇంకో లెక్క కూడా వేసి చూడండి. నెలకు ఒక రూపాయి వడ్డీకి బంగారు రుణం దొరికి, దాన్నీ ఆరు వాయిదాల్లో తీరిస్తే వడ్డీ సుమారు రూ.3,530. దాని మీద జీఎస్టీ ఉండదు.