కట్టెలు చీల్చే యంత్రం: ఫ్లైవీల్ రకమా, హైడ్రాలిక్ రకమా?

వర్జీనియా పొగాకు క్యూరింగ్ మొదలైన తరువాత బ్యారన్ కొలిమి కొన్ని రోజులపాటు రాత్రింబవళ్లు మండుతూనే ఉండాలి. లావు మొద్దును చీల్చకుండా నిల్వ చేస్తే బెరడు లోపలి తేమ సులభంగా బయటకు పోదు. 40 శాతం తేమ గల టన్ను కట్టెలో 400 కిలోల నీరు ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి వృథా అవుతుంది. మంట చల్లబడి పొగగా పోయే ఇంధన నష్టం అంతకంటె ఎక్కువ. అందువలన ముందుగానే చీల్చి, గాలి ఆడేట్లు పేర్చి ఎండబెట్టడం తప్పనిసరి. గొడ్డలితో చీల్చే కూలీలు సమయానికి దొరకని పరిస్థితిలో రైతులు యంత్రాల వైపు చూస్తున్నారు. అయితే అమ్మకందారు చెప్పే ‘ఇన్ని టన్నుల బలం’, ‘ఇన్ని సెకన్ల వేగం’ అనే రెండు మాటలు విని యంత్రం కొనడం సరికాదు.

హైడ్రాలిక్ యంత్రంలో ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో సిలిండరులోకి పంపుతుంది. సిలిండరు దండం మొద్దును ఇనుప వెడ్జ్ మీదకు నెడుతుంది. సిలిండరు లోపలి వ్యాసం 10 సెం.మీ., నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 175 కిలోలు అయితే నెట్టే బలం సుమారు 13.7 టన్నులు. ఈ బలం దండం కదిలినంత దూరమూ తగ్గకుండా అందుతుంది. వేగం మాత్రం పంపుపై ఆధారపడుతుంది. 60 సెం.మీ. పొడవు నెట్టడానికి 4.7 లీటర్ల నూనె కావాలి. నిమిషానికి 40 లీటర్లు ఇచ్చే పంపుకు ఒకవైపు ప్రయాణానికే 7 సెకన్లు పడుతుంది. ట్రాక్టరు నుండి నిమిషానికి 20 లీటర్లు మాత్రమే తీసుకుంటే 14 సెకన్లు. తిరుగు ప్రయాణం దీనికి అదనం.

ఫ్లైవీల్ యంత్రంలో నూనె లేదు, పంపు లేదు. చిన్న ఇంజను బరువైన చక్రాలను తిప్పి వాటిలో గతిజశక్తిని నిల్వ చేస్తుంది. మీట నొక్కగానే పళ్ల కడ్డీ పినియన్‌తో కలిసి, ఆ శక్తి మొత్తం ఒక్క దెబ్బగా మొద్దుపై పడుతుంది. స్ప్రింగు కడ్డీని వెనక్కు లాగుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. 40 సెం.మీ. వ్యాసం, మొత్తం 60 కిలోల బరువు గల రెండు చక్రాలు నిమిషానికి 300 చుట్లు తిరిగితే నిల్వ ఉండే శక్తి దాదాపు 600 జౌళ్లు. మొద్దు ఈ దెబ్బను 2 సెం.మీ. దూరంలో ఆపితే సగటు బలం 3 టన్నులు, 1 సెం.మీ.లో ఆపితే 6 టన్నులు. అంటే ఈ యంత్రానికి టన్నుల లెక్క మొద్దును బట్టి మారుతుంది. హైడ్రాలిక్ టన్నులతో దీనిని పోల్చడం అర్థరహితం. చుట్ల సంఖ్య పది శాతం తగ్గితే శక్తి 19 శాతం తగ్గుతుంది కనుక, ప్రతి దెబ్బ తరువాత చక్రం తిరిగి వేగం అందుకునే వరకు ఆగాలి.

వేగం నాలుగు రెట్లయితే పని నాలుగు రెట్లు అవుతుందా? కాదు. మొద్దును ఎత్తి పెట్టడానికి, చీలికలను తీయడానికి ఒక మనిషికి 12 సెకన్లు పడుతుందనుకుందాం. హైడ్రాలిక్‌లో ఒక్కొక్క దెబ్బకు 24 సెకన్లు, ఫ్లైవీల్‌లో 15 సెకన్లు. గంటకు 150, 240 దెబ్బలు. తేడా ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువ. ఇద్దరు మనుషులు పనిచేసి చేతిపనిని 5 సెకన్లకు తగ్గిస్తే ఆ తేడా రెట్టింపు దాటుతుంది. కాబట్టి ఒంటరిగా పనిచేసే రైతు వేగం కోసం అదనపు ధర చెల్లించడంలో లాభం తక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైనది కలప స్వభావం. తోటలో నిటారుగా పెరిగిన, ముడులు లేని మొద్దులను ఒకే పొడవుకు కోసుకునేవారికి ఫ్లైవీల్ యంత్రమే మేలు. చింత, వేప వంటి చెట్ల మొదళ్లు, కొమ్మలు చీలిన చోట్లు వేరు; వాటి పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. వాటిపై దెబ్బ పడితే వెడ్జ్ సగంలో చిక్కుకుంటుంది, పినియన్ పళ్లు అరుగుతాయి. అక్కడ నిదానంగా నెట్టే హైడ్రాలిక్ బలమే పనికి వస్తుంది. జామాయిల్ పచ్చిగా చీలినంత సులభంగా ఎండిన తరువాత చీలదు. దానిని నరికిన కొద్ది రోజులకే చీల్చుకుంటే ఏ యంత్రానికైనా శ్రమ తగ్గుతుంది.

భద్రత విషయంలో రెండింటికీ వేర్వేరు ప్రమాదాలున్నాయి. హైడ్రాలిక్ దండం నిదానంగా కదులుతుంది. మీట వదిలి దానిని ఆపే వ్యవధి ఉంటుంది. ఫ్లైవీల్ దెబ్బకు ఆ వ్యవధి లేదు. ఇంజను ఆపిన తరువాత కూడా చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది కనుక, అది పూర్తిగా నిలిచేవరకు చిక్కుకున్న మొద్దు జోలికి పోరాదు. రెండు చేతులూ మీటల మీద ఉంటేనే కదిలే యంత్రాన్ని ఎంచుకోవాలి. ఒకరు మొద్దు పట్టుకోగా మరొకరు మీట నొక్కే పద్ధతి వేళ్లకు చేటు. హైడ్రాలిక్ గొట్టం కారుతున్నదేమోనని చేతితో తడిమి చూడరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. సన్నని రంధ్రం నుండి వచ్చే నూనె ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూదిపోటంత చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరమ్మతుల విషయానికి వస్తే, ట్రాక్టర్లు, మట్టి తవ్వే యంత్రాలు బాగుచేసే చోట హైడ్రాలిక్ గొట్టాలు, సీళ్లు దొరుకుతాయి. నూనె, ఫిల్టరు సకాలంలో మార్చడం ఖర్చే అయినా తెలిసిన పనే. గట్టిపరచిన పినియన్, పళ్ల కడ్డీ అలా కాదు. సాధారణ లేత్ పనివారు చేసి ఇచ్చిన పళ్లు ఆ దెబ్బలకు నిలవడం కష్టం. ఫ్లైవీల్ యంత్రం కొనేవారు ఈ రెండు భాగాలను, ఒక స్ప్రింగును యంత్రంతోపాటే తీసుకోవాలి. బేరం కుదరకముందే తమ మొద్దులలో గట్టివి పది తీసుకువెళ్లి, తమ ఎదుట చీల్చి చూపమని అడగాలి.