గాజరు హల్వా – ఇంట వండుకొను విధము



ఉత్తరదేశమున మార్గశిర పుష్య మాఘ మాసములలో ఇంటింట వండుకొను తీపివంట యొకటి కలదు. దానిని ఢిల్లీ, లక్నో ప్రాంతములవారు గాజర్ హల్వా యనియు, పంజాబువారు గజరేలా యనియు పిలుతురు. గాజరనగా మనము క్యారెట్టని వాడుకగా చెప్పుకొను దుంప. హల్వా యను మాట అరబ్బీ భాషనుండి వచ్చినది. తీపి యని దాని యర్థము. మన హైదరాబాదు నగరమున ఉర్దూ మాటాడువారి యిండ్లలో ఈ వంట బాగుగ పరిచితమైనదే. తక్కినవారును ఇప్పుడిప్పుడు విరివిగా చేయుచున్నారు. అయితే చేసినవారిలో పలువురు "నీరు కారినది" అనియో, "తురుము ఉడకక గట్టిగా నిలిచినది" అనియో చెప్పగా నేను వినుచుందును. లీటరు పాలును, గంటసేపటి వంటచెరకును వ్యర్థమగుట చిన్న నష్టము కాదు. ఈ రెండు లోపములకును మూల మొక్కటే: చక్కెర వేయవలసిన వేళ తప్పుట. దానిని వివరించుటయే నేటి ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా దుంపను గూర్చి చెప్పెదను. క్యారెట్టు మొదట సాగులోనికి వచ్చినది ఆఫ్ఘనిస్థానము, దాని చుట్టుపట్ల మధ్యాసియా ప్రాంతములందని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఆనాటి దుంపలు ఊదావన్నెవి, పసుపువన్నెవి. నేడు మన అంగళ్లలో కానవచ్చు నారింజవన్నె దుంప ఐరోపాలో, విశేషించి హాలెండు దేశమున, 17వ శతాబ్దమునాటికి స్థిరపడినది. ఉత్తరదేశపు హల్వాకు పేరుపొందినది మాత్రము ఎఱ్ఱని దేశవాళి దుంప. దానిని వానకాలపు చివర విత్తి, చలికాలమున త్రవ్వుదురు. డిసెంబరు మొదలు ఫిబ్రవరివరకు అది విరివిగా దొరకును. టమాటాకు ఎఱుపు నిచ్చు లైకోపీన్ అను పదార్థమే దీనికిని ఆ వన్నె నిచ్చుచున్నది. ఇది రసము మెండుగా గలిగి, తియ్యగా నుండును. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఈ జాతిలో పూసా రుధిర అను రకమును రూపొందించిరి. ఆ సంస్థ 1905లో బీహారునందలి పూసా గ్రామమున నెలకొల్పబడి, 1934 నాటి భూకంపము పిమ్మట 1936లో ఢిల్లీకి తరలినది. అందుచే దాని వంగడములకు నేటికిని పూసా యను పేరు నిలిచియున్నది.

మనకు నీలగిరులనుండియు ఇతర ప్రాంతములనుండియు వచ్చునది నారింజవన్నె దుంప. దానితోడను హల్వా చక్కగా కుదురును. సన్నగా, లేతగా, పగుళ్లు లేక యున్నవానిని ఏరుకొనవలెను. ముదిరిన దుంపకు నడుమ గట్టి భాగ ముండును. అది ఎంత ఉడికించినను మెత్తబడదు గనుక తీసివేయవలెను.

ఇక కొలతలు. దుంప ఒక కిలో, చిక్కని పాలు ఒక లీటరు, చక్కెర 200 గ్రాములు, నెయ్యి 75 గ్రాములు, ఏలకులు ఆఱు, జీడిపప్పును ఎండుద్రాక్షయు చెరి యొక గుప్పెడు. ఎఱ్ఱదుంప మిక్కిలి తియ్యనిదైనచో చక్కెర ఇంకను తగ్గింపవచ్చును.

ఈ కొలతలలో ఒక సంగతి గమనింపుడు. క్యారెట్టులో నూటికి సుమారు 88 వంతులు నీరు. పాలలో, గేదెపాలైనచో సుమారు 83 వంతులు, ఆవుపాలైనచో 87 వంతులు నీరు. అనగా మనము బాణలిలో వేసిన రెండు కిలోల సరకులో కిలో ఏడువందల గ్రాములకు తక్కువ కాకుండ నీరే యున్నదన్నమాట. హల్వా వండుట యనగా ఆ నీటిలో చాలభాగమును ఆవిరిగా పంపివేయుటయే. అందుచే లోతుపాత్ర పనికిరాదు. వెడల్పైన, అడుగు మందముగల బాణలి కావలెను. మూత వేయరాదు, వేసినచో ఆవిరి చల్లబడి తిరిగి లోపలికే జారును.

దుంపలను కడిగి, చెక్కు తీసి, తురుమవలెను. మిక్కిలి సన్నముగా తురిమినచో ముద్దయగును. లావైనచో ఉడుకుట ఆలస్యమగును. పాలను బాణలిలో పొంగనిచ్చి, తురుము వేసి, మొదట నడితరపు సెగపైని, పాలు చిక్కబడిన పిమ్మట సన్నని సెగపైని ఉడికింపవలెను. అంచులకు పట్టిన మీగడను ఎప్పటికప్పుడు గరిటెతో గీచి లోపల కలుపుచుండవలెను. రుచియంతయు అందులోనే యున్నది. పాలు చిక్కబడిన కొలది అడుగంటుట యెక్కువ గనుక, తుదిని బాణలిని విడిచి పోరాదు. ఇంచుమించు గంటసేపటికి పాలు కోవావలె తురుమును పట్టుకొనును. రెండు వ్రేళ్ల నడుమ నొక్కినచో తురుము నలుగవలెను. అంతవరకు చక్కెర జోలికి పోరాదు.

ఇందులకు కారణము మీ యింటి పరమాన్నమునందే కలదు. బియ్యము మెత్తగా ఉడికిన పిదపనే బెల్లము వేయుదుము. ముందుగా వేసినచో మెతుకు బిరుసెక్కి ఇక ఉడకదు. క్యారెట్టు సంగతియు నట్టిదే. చక్కెర తురుములోని నీటిని వెలికి లాగి, దానిని బిరుసు చేయును. అంతేకాదు, ఆ నీరు పాకమై, పాలు ఇంకుటను ఆలస్యము చేయును. తొందరపడినవారు అప్పుడే దింపుదురు. చల్లారిన తరువాత నీరు కారును.

కావున పాలు ఇంకిన మీదట నెయ్యి వేసి పది నిమిషములు వేయించి, పచ్చివాసన పోయిన పిమ్మట చక్కెర చల్లవలెను. మరల పలుచబడును, భయపడనక్కరలేదు. ఇంకొక పది పదునైదు నిమిషములు కలియబెట్టినచో ముద్ద బాణలి నంటక విడివడి, అంచుల నెయ్యి తేలును. అదే దింపవలసిన గుర్తు. అప్పుడు ఏలకులపొడి, నేత వేయించిన జీడిపప్పు, ద్రాక్ష కలుపవలెను.

పాలు ఇంకుటకు ఓపిక లేనివారు అంగడి కోవా కలుపుదురు. తప్పు లేదు, కాని కోవాలో పిండి కల్తీ చేయువారు కలరు. కొంచెము కోవాను నీటిలో కాచి, చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ టింక్చరు వేసి చూడుడు. నీలివన్నెకు తిరిగినచో పిండి కలిసినదని యెఱుగుడు. పరీక్షకు తీసినదానిని పారవేయవలెను.

ఉత్తరదేశపు చలిలో ఈ హల్వా కొన్ని దినములు నిలుచును. మన కోస్తా యుక్కలో అట్లు నిలువదు. పాలు కలిసిన వంట గనుక వండిననాడే తినుట మేలు. మిగిలినదానిని శీతలయంత్రమున నుంచవలెను.

తుదకు ఆరోగ్యమును గూర్చి. క్యారెట్టులోని కెరోటిన్ శరీరమున ఏ విటమినుగా మారును; ఆ విటమిను లోపించినచో రేచీకటి కలుగును. కెరోటిన్ క్రొవ్వుతో కూడినపుడే బాగుగ వంటబట్టును గనుక నేయి, పాలు దానికి తోడ్పడును. అంతమాత్రమున హల్వాను కంటిమందుగా నెంచరాదు. పై కొలత పదునాఱుగురికి పంచినచో ఒక్కొక్కరికి చక్కెర పన్నెండున్నర గ్రాములు, అనగా సుమారు మూడు చిన్న చెంచాలు వచ్చును. పెద్దవారు దినమునకు 50 గ్రాములకు మించి చక్కెర తినరాదనియు, 25 గ్రాములలోపల నిలిపిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. మెత్తని వంట యగుటచే పండ్లు లేని వృద్ధులకును తినుట సులభము. ఆ సౌలభ్యమే ఎక్కువ తినుటకును దారితీయును. మధుమేహము గలవారు వైద్యుని సలహా తప్పక పాటింపవలెను.

ఈ సంక్రాంతికి ఇంట వండువారికి దీనిని ఒకసారి చదివి వినిపింపుడు. తురుము నలిగినదో లేదో చూచిన పిదపనే చక్కెర డబ్బా మూత తీయుమని మరువక చెప్పుడు.